పండుగ విస్తరిని తిట్టకండి!

దీపావళి వస్తోందంటే చాలు, టపాకాయల కంటే ముందు సలహాలు పేలడం మొదలవుతుంది. "స్వీట్లు ముట్టుకోకండి", "పండుగ భోజనం ఆరోగ్యానికి శత్రువు", "ఈ పది చిట్కాలు పాటించండి" అని టీవీలో ఒకరు, ఫోనులో ఇంకొకరు, బంధువుల్లో మరొకరు. పొంగలి పండుగ వస్తే మళ్ళీ అదే పాట. ఉగాదికీ అదే పాట. మిగతా రోజుల్లో మాత్రం ఎవరూ నోరు విప్పరు. ఏడాదంతా నిద్రపోయి పండుగ పూట మాత్రమే లేచి మొరిగే కావలి కుక్క వల్ల ఇంటికి ఏం లాభం?

ప్రియమైన తోటి విద్యార్థులారా, గురువులారా, తల్లిదండ్రులారా! నా వాదన ఒక్కటే. మన ఆరోగ్యాన్ని చెడగొడుతున్నది పండుగ నాటి విస్తరి కాదు. పండుగ కాని రోజుల్లో మనం తినే తిండి. దొంగను వదిలేసి, ఏడాదికి పదిసార్లు మాత్రమే ఇంటికి వచ్చే చుట్టాన్ని పట్టుకుని కొడుతున్నాం. ఈ అన్యాయాన్ని నేను ఒప్పుకోను. అలాగని "పండుగ కదా, కడుపు పగిలేలా తినండి" అని కూడా నేను చెప్పబోవడం లేదు. రెండు వైపుల వాళ్ళతోనూ నాకు తగువు ఉంది. ఒక్కొక్కరికీ జవాబు చెప్తాను.

విస్తరి ఏం చెప్తోంది?

ముందు విస్తరినే సాక్షిగా పిలుద్దాం. మన కయత్తారు, కోవిల్పట్టి, విరుదునగర్ వైపు పండుగ రోజున అరిటాకు వేస్తే ఎలా వడ్డిస్తారో అందరికీ తెలుసు. ఆకు పై సగంలో ఉప్పు, ఊరగాయ, పచ్చడి, పొరియల్, కూట్టు, అవియల్. కింది సగంలో అన్నం. తీపి ఒక మూల కొంచెం. పప్పు, సాంబారు, చారు, చివర మజ్జిగ. అంటే ఆకులో సగం చోటు కూరలకే ఇచ్చారు మన పెద్దవాళ్ళు.

ఇప్పుడు హైదరాబాదులో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ ఏమంటుందో చూడండి. ఆ సంస్థ 1918లో మన తమిళనాడులోని కూనూరులోనే చిన్న పరిశోధన కేంద్రంగా పుట్టి, 1958లో హైదరాబాదుకు వెళ్ళింది. 2024లో ఆ సంస్థ భారతీయుల కోసం కొత్త ఆహార సూచనలు విడుదల చేసింది. రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు, 100 గ్రాముల పండ్లు తినమంది. పప్పులు, పాలు లేదా పెరుగు, గింజలు ఉండాలంది. మొత్తం మీద తినేదాంట్లో దాదాపు సగం కూరలు, పండ్లే ఉండాలని దాని లెక్క. శాస్త్రవేత్తలు తూకం వేసి చెప్పిన మాట, మన అరిటాకు తూకం లేకుండానే చెప్తోంది. పై సగం కూర, కింది సగం అన్నం!

మరి తప్పు ఎక్కడ జరిగింది? ఆకులో జరగలేదు. వడ్డించే చేతిలో, తినే నోటిలో జరిగింది. పై సగంలో ఒక్కొక్క కూర గోరంత పెట్టి, కింది సగంలో కొండంత అన్నం పోస్తున్నాం. అన్నం మూడుసార్లు అడిగి వేయించుకుంటాం, కూర రెండోసారి అడిగేవాళ్ళు ఎంతమంది? ఆకు మడిచేటప్పుడు చూడండి, పొరియల్ అలాగే మిగిలి ఉంటుంది, అప్పడం ముక్క కూడా మిగలదు. ఇందులో అరిటాకు చేసిన నేరం ఏంటి?

ఒక్క విస్తరే కాదు. పండుగలన్నీ వరుసగా చూడండి. వినాయక చవితికి కుడుములు. అవి ఆవిరి మీద ఉడికేవి, నూనె చుక్క అవసరం లేదు. నవరాత్రికి గుగ్గిళ్ళు. ఒకరోజు శనగలు, ఒకరోజు పెసలు, ఒకరోజు అలసందలు, తొమ్మిది రోజులూ పప్పుధాన్యాలే. ఉగాది పచ్చడిలో తీపితో పాటు వేపపువ్వు చేదు కూడా ఉంటుంది. ఆడి నెలలో మారియమ్మ గుళ్ళ దగ్గర పోసే అంబలి సజ్జలదో రాగులదో. రంజాన్ నెలలో మసీదుల్లో పంచే నోంబు గంజిలో బియ్యం, పప్పు, మెంతులు, వెల్లుల్లి ఉంటాయి. రోజంతా ఉపవాసం ఉన్న కడుపుకు అంత మెత్తటి తిండి ఇంకేముంటుంది? పొంగలికి గుమ్మడి, చిక్కుడు, కంద, చేమ, చిలగడదుంప, మన తిరునెల్వేలి, తూత్తుకుడి వైపు అయితే తేగలు కూడా. ఏడాదిలో ఇన్ని రకాల కూరలూ దుంపలూ ఒక్కసారిగా ఇంటికి వచ్చే రోజు పొంగలి కాక ఇంకొకటి ఉందా?

దీపావళికి మురుకులు, అరిసెలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. కానీ అదే దీపావళి తెల్లవారుజామున చాలా ఇళ్ళలో లేహ్యం కూడా ఉంటుంది. శొంఠి, మిరియాలు, వాము, ధనియాలు, బెల్లం కలిపి ఉడికించి, ఉసిరికాయంత ఉండ నోట్లో పెడతారు. అది అన్ని జబ్బులకూ మందు అని నేను అనను. కానీ తీపి తినకముందే నాలుక మీద కారం పెట్టి "కొంచెం చూసుకుని తిను" అని చెప్పే ఏర్పాటు అది. పండుగను చేసినవాళ్ళకు హద్దు తెలుసు. ఆ హద్దును మనమే మర్చిపోయాం. ఇప్పుడు లేహ్యం డబ్బా కొంటాం, పక్కనే మూడు కిలోల స్వీటు పెట్టె కూడా కొంటాం.

లెక్క వేసి చూద్దాం

మాటలు చాలు, లెక్క చేద్దాం. రోజుకు మూడు పూటలు తింటే ఏడాదికి 1,095 పూటలు. ఏడాదిలో పెద్ద పండుగ భోజనాలు పన్నెండు అనుకోండి. పెళ్ళిళ్ళు, చెవిపోగుల వేడుకలు కలిపి ఇంకో పన్నెండు వేసుకోండి. మొత్తం 24. అంటే వందకు రెండు పూటలకు కొంచెం ఎక్కువ. మిగతా 1,071 పూటల గురించి ఎవరూ మాట్లాడరెందుకు?

ఇంకో లెక్క. రోజుకు మూడు టీలు తాగే మనిషిని తీసుకోండి. మన ఇళ్ళల్లో అలాంటి వాళ్ళు లేరా? గ్లాసుకు రెండు చిన్న చెంచాల చక్కెర. చెంచాకు సుమారు 5 గ్రాములు. రోజుకు 30 గ్రాములు. 365 రోజులకు 10,950 గ్రాములు, అంటే దాదాపు 11 కిలోలు! అదే మనిషి పన్నెండు పండుగలకూ పండుగకు 100 గ్రాముల చొప్పున చక్కెర తిన్నాడనుకుందాం. అది చాలా ఎక్కువే, అయినా అనుకుందాం. మొత్తం 1,200 గ్రాములు. టీ గ్లాసులో కరిగిపోయిన చక్కెర పండుగ చక్కెరకు తొమ్మిది రెట్లు. కానీ టీ గ్లాసును ఎవరూ తిట్టరు. అరిసెనే తిడతారు. ఎందుకంటే అరిసె కంటికి కనిపిస్తుంది, టీలో చక్కెర కనిపించదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఏం చెప్పిందంటే, మనం వేసుకునే చక్కెర, బెల్లం, తేనె లాంటివి రోజుకు మొత్తం శక్తిలో పదో వంతు మించకూడదు, ఇరవయ్యో వంతులోపు ఉంటే ఇంకా మంచిది. 2,000 కేలరీలు తినే పెద్దవాళ్ళకు అది 50 గ్రాములు, ఇంకా మంచిది అన్నది 25 గ్రాములు. మూడు టీలతోనే 30 అయిపోయింది. ఇంకా బిస్కెట్టు తినలేదు, కూల్‌డ్రింకు తాగలేదు. పండుగ కూడా రాలేదు.

ఈ నల్లనేల కథ

మనది కరిసల్ సీమ, నల్లరేగడి నేల. వాన పడితే పంట, లేకపోతే లేదు. ఇక్కడ పండేవి సజ్జలు, జొన్నలు, ఊదలు, అరికెలు, మినుములు, పెసలు, పత్తి, మిరప. మా అవ్వ చిన్నప్పుడు వాళ్ళ ఇంట్లో వరి అన్నం వండేది దీపావళికి, పొంగలికి, ఎవరైనా ముఖ్యమైన చుట్టం వస్తేనూ. మిగతా రోజుల్లో సజ్జ సంగటి, జొన్న కూడు, చద్ది నీళ్ళు, పక్కన ఎర్రగడ్డ, పచ్చిమిరప. "తెల్ల బువ్వ తినాలని పండగ ఎప్పుడొస్తుందా అని వేళ్ళు మడిచి లెక్కపెట్టేవాళ్ళం" అంటుంది మా అవ్వ. కరిసల్ పల్లెల్లో ఏ ముసలివాళ్ళను అడిగినా ఇదే చెప్తారు.

ఇప్పుడు జరిగింది ఏంటంటే, వాళ్ళ పండుగ అన్నం మన రోజువారీ అన్నం అయింది. పొద్దున ఇడ్లీ, దోసె, మధ్యాహ్నం అన్నం, రాత్రి మళ్ళీ అన్నమో పరోటానో. అంటే మనం రోజూ పండుగ చేసుకుంటున్నాం. పండుగ రోజున ఇంకా పెద్ద పండుగ చేసుకోవాలి కాబట్టి నూనె పెంచాం, చక్కెర పెంచాం, పెట్టెలు పెంచాం. "తినగా తినగా గారెలు చేదు" అని సామెత ఊరికే పుట్టలేదు. రోజూ తీపి తిన్న నాలుకకు పండుగ తీపి చాలదు.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. అన్నాన్ని నేను తిట్టడం లేదు. విరుదునగర్‌లో పుట్టిన కామరాజర్ గారు మన పక్కనే ఉన్న ఎట్టయపురంలో 1956లో బడిపిల్లల మధ్యాహ్న భోజనం మొదలుపెట్టారు. ఆకలితో బడికి రాలేని పిల్లలు ఆ భోజనం కోసం వచ్చి అక్షరాలు నేర్చుకున్నారు. 2011 నుంచి మన రాష్ట్రంలో రేషన్ బియ్యం ఉచితంగా ఇస్తున్నారు. ఆకలి తీర్చిన అన్నానికి దండం పెట్టాలి. మా అవ్వ వేళ్ళు మడిచి లెక్కపెట్టిన ఆ పేదరికం మళ్ళీ రావాలని ఎవరూ కోరుకోరు. కానీ ఆకలి తీరిన తర్వాత కూడా ఒక్క అన్నాన్నే పట్టుకుని, సజ్జలనూ ఊదలనూ "బీదవాళ్ళ తిండి" అని సిగ్గుపడి వదిలేశామే, అది మన తప్పు. ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ప్రపంచమంతా మన అవ్వల కూటిని మెచ్చుకుంటుంటే, మనం మాత్రం చుట్టాలు వస్తే సంగటి గిన్నె మీద మూత పెడుతున్నాం!

దీంట్లో మనలాంటి తెలుగు పిల్లలకు ఇంకో నష్టం కూడా ఉంది. వీధిలో తమిళం, ఫోనులో ఇంగ్లీషు, మన తెలుగు బతికేది బడిలోనూ వంటింట్లోనూ. కోవిల్పట్టి దగ్గరి ఇడైసేవల్‌లో తెలుగు మాట్లాడే ఇంట్లో పుట్టిన కి. రాజనారాయణన్ గారు తమిళంలో గొప్ప రచయిత అయ్యారు, 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందారు. కరిసల్ సీమ మాటలు పోకూడదని ఆయన వాటికి ఒక నిఘంటువే తయారు చేశారు. మనం ఏం చేస్తున్నాం? ఊదలు, అరికెలు, కొర్రలు, తేగలు, సంగటి అనే మాటలు మన తరగతిలో ఎంతమందికి తెలుసు? "కుదిరైవాలి" అంటే తెలుస్తుంది, "ఊదలు" అంటే ముఖాలు చూసుకుంటాం. గిన్నెలోంచి తిండి పోతే, నోట్లోంచి మాట కూడా పోతుంది.

"ఒక్కరోజే కదా!" అనేవాళ్ళకు

ఇప్పటిదాకా పండుగ తరఫున మాట్లాడాను. ఇప్పుడు పండుగ పేరు చెప్పి తినేవాళ్ళ దగ్గరికి వస్తాను. వాళ్ళ మాట "ఒక్కరోజే కదా!" నిజంగా ఒక్కరోజే అయితే నాకు అభ్యంతరం లేదు. కానీ దీపావళి ఎప్పుడు మొదలవుతోంది? వారం ముందు స్వీటు అంగడి దగ్గర. ఎప్పుడు ముగుస్తోంది? చుట్టాలు ఇచ్చిన ఆఖరి పెట్టె ఖాళీ అయినప్పుడు. దాని మధ్యలో టీకి మురుకు, చదువుకు మిక్చరు, టీవీ చూస్తూ లడ్డు. పండుగ ఒక్కరోజు, తినడం ఇరవై రోజులు.

అమెరికాలో జరిగిన ఒక పరిశోధన 2000లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే పత్రికలో వచ్చింది. 195 మంది పెద్దవాళ్ళ బరువు తూచి చూశారు. నవంబరు నెలాఖరు పండుగ నుంచి కొత్త సంవత్సరం దాటేదాకా వాళ్ళ బరువు సగటున 0.37 కిలో పెరిగింది. అరకిలో కూడా లేదు. కానీ పెరిగింది తర్వాతి నెలల్లో తగ్గలేదు. ఏటా ఇలా కొంచెం కొంచెం చేరితే పదేళ్ళకు ఎంతవుతుంది? "చూశావా, పండుగే కారణం" అని ఎవరైనా దీన్ని నా మీదకే విసరొచ్చు. నేను అడుగుతున్నాను, అది ఒక్క పూట భోజనమా? ఐదారు వారాల తిండి! పండుగను సాగదీయడమే తప్పు అని ఈ లెక్క కూడా చెప్తోంది.

ఇంకొందరు తెలివైనవాళ్ళు ఉన్నారు. "మేము చక్కెర వాడం, బెల్లమే, కరుపట్టే" అంటారు. మన ఉడన్‌గుడి కరుపట్టికి, కోవిల్పట్టి వేరుశనగ మిఠాయికి భౌగోళిక గుర్తింపు ఉంది. వాటిని చూసి నాకూ గర్వమే. వేరుశనగలో మాంసకృత్తులు ఉన్నాయి, రంగు కలిపిన చాక్లెట్టు కంటే అది ఎంతో మేలు. కానీ బెల్లం కూడా తీపే. రక్తంలోకి వెళ్ళాక అది కూడా షుగరును పెంచుతుంది. బెల్లం అని పేరు పెట్టి ఆరు ముక్కలు తింటే ఆరు ముక్కల తీపే తిన్నట్టు. ఊరి మీద ప్రేమ ఉంటే ఒక్క ముక్క నిదానంగా నమిలి తినండి. రుచి అప్పుడే తెలుస్తుంది.

పరోటా సంగతి కూడా అంతే. విరుదునగర్ నూనె పరోటా అంటే దూర ఊళ్ళవాళ్ళు కూడా వెతుక్కుంటూ వస్తారు. ఎప్పుడో ఒకసారి కుటుంబంతో వెళ్ళి తినడానికి అది బాగానే ఉంటుంది. మైదాను నూనెలో వేయించి దాన్ని వారానికి నాలుగు రాత్రులు తింటే మాత్రం, దీపావళి రోజు మురుకు మానేసి ఏం ప్రయోజనం? ఇంకో మాట, పండుగకు కాచిన నూనెను దాచి దాచి, నల్లబడేదాకా మళ్ళీ మళ్ళీ కాచడం మన ఇళ్ళలోనూ ఉంది. పదే పదే కాగిన నూనె విరిగి, ఒంటికి చేటు చేసే పదార్థాలు పెరుగుతాయి. అందుకే ఆహార భద్రత సంస్థ 2018 జూలై నుంచి అంగళ్ళు వాడే నూనెకు హద్దు పెట్టింది. వంటింటికి ఇన్‌స్పెక్టర్ రాడు. మనమే చూసుకోవాలి.

"మన తాతలు తినలేదా?" అనేవాళ్ళకు

"మన తాతలు నెయ్యి తాగారు, బెల్లం గడ్డలు నమిలారు, వాళ్ళకేం కాలేదు" అని ఇంకో వాదన. తాతలు ఏం చేశారో కూడా చెప్పండి. చీకటితో లేచి చేనుకు నడిచారు. దున్నారు, కలుపు తీశారు, పత్తి ఏరారు. అవ్వలు జొన్నలు దంచారు, పిండి విసిరారు, బిందెలు మోశారు. పండుగ నాడు తిన్నది రెండు రోజుల్లో చెమటగా పోయింది. మనం స్కూలు బస్సు దిగి కుర్చీలో కూర్చుంటాం, కుర్చీ దిగి ఫోను పట్టుకుంటాం. తాత తిండి కావాలంటే తాత పని కూడా చేయాలి కదా!

భారత వైద్య పరిశోధన మండలి తరఫున జరిగిన పెద్ద సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దేశంలో 10.1 కోట్ల మందికి షుగరు జబ్బు ఉందని, ఇంకో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారని అది చెప్పింది. ఇంతమందికి ఏడాదికి పన్నెండు పూటల వల్ల జబ్బు వచ్చిందంటే ఎవరైనా నమ్ముతారా? ఇది రోజూ కొంచెం కొంచెం కట్టుకున్న గోడ.

పండుగలో మనం మర్చిపోయే ఇద్దరు

ఆరోగ్యం అనగానే అందరూ కేలరీలు లెక్కపెడతారు. కానీ పండుగ రోజున మన ఇళ్ళలో ఇద్దరికి జరిగే అన్యాయం ఎవరూ లెక్కపెట్టరు.

మొదటివాళ్ళు షుగరు ఉన్న పెద్దవాళ్ళు. అందరికీ ఆకు వేసి, అవ్వకు మాత్రం ఒక మూల పళ్ళెంలో రెండు చపాతీలు. "నీకు షుగరు కదా, నువ్వు ముట్టుకోకు" అని చిన్నపిల్లల ముందు కసురుతారు. ఆ పాయసం చేయడం అందరికీ నేర్పింది ఆమే. అరిసె పాకం ఏ పదునులో దించాలో ఇప్పటికీ ఆమెనే అడుగుతారు, కానీ రుచి చూడనివ్వరు. అందరూ నిద్రపోయాక ఆమె ఒక్కతే డబ్బా మూత తీస్తే, మళ్ళీ దొంగతనం చేసినట్టు తిడతారు. ఇది ఆరోగ్యమా? డాక్టరు చెప్పిన మాత్ర, డాక్టరు చెప్పిన హద్దు తప్పకుండా పాటించాలి. ఎంత తీపి తినొచ్చో డాక్టరునే అడగాలి. కానీ ఆమెను పంక్తి నుంచి లేపమని ఏ డాక్టరూ చెప్పడు. అందరితో కూర్చోబెట్టండి. ముందు కూర, గుగ్గిళ్ళు పెట్టి, తర్వాత కొంచెం అన్నం పెట్టండి. కూర, పప్పు ముందు తింటే షుగరు ఒక్కసారిగా పెరగదని పరిశోధనలు చెప్తున్నాయి. అందరికీ సరిపడేలా ఊదల పొంగలి, కూరల కూట్టు చేస్తే ఆమెకు వేరే పళ్ళెం అవసరమే ఉండదు. తిన్నాక ఆమె చెయ్యి పట్టుకుని పదిహేను నిమిషాలు వీధిలో నడవండి. అది ఆమెకూ మంచిది, మనకూ మంచిది.

రెండోవాళ్ళు వండినవాళ్ళు. తెల్లవారకముందు లేచి, పొయ్యి దగ్గర ఐదారు గంటలు నిలబడి, మగవాళ్ళకు, చుట్టాలకు, పిల్లలకు వడ్డించి, అమ్మలు తినేసరికి మధ్యాహ్నం మూడు దాటుతుంది. అప్పటికి ఏం మిగులుతుంది? అడుగంటిన అన్నం, చల్లారిన సాంబారు, విరిగిన వడలు. కూరలు అయిపోయి ఉంటాయి. కడుపు ఎండబెట్టుకుని, తర్వాత ఆబగా అన్నం తినడం ఏ ఆరోగ్య శాస్త్రంలో ఉంది? పండుగ భోజనం వల్ల నిజంగా దెబ్బతినేది ఎక్కువ తిన్నవాళ్ళే కాదు, ఆలస్యంగా, మిగిలింది తిన్నవాళ్ళు కూడా. పది చిట్కాలు చెప్పే టీవీలో ఈ పదకొండో చిట్కా నేను ఎప్పుడూ వినలేదు, "అన్నయ్యా, నువ్వు లేచి వడ్డించు" అని!

ఏం చేయాలి?

తిట్టడం సులువు, దారి చూపించాలి కదా అంటారు. నా డిమాండ్లు ఇవి.

ఒకటి, పండుగను పండుగ రోజుకే ఉంచుదాం. తీపి ఇంట్లో చేసుకుందాం, ఒక రోజుకు, రెండు రోజులకు సరిపడా మాత్రమే. మిగిలితే ఇరుగుపొరుగుకు పంచుదాం. పెట్టెలు పంచుకునే బదులు పండ్లు, వేరుశనగలు, తేగలు పంచుకుందాం.

రెండు, విస్తరి పై సగాన్ని దానికి తిరిగి ఇద్దాం. అన్నం రెండోసారి అడిగే ముందు కూర రెండోసారి అడుగుదాం. ఆకలి తీరగానే ఆకు మడుద్దాం. చుట్టాలను "ఇంకొంచెం, ఇంకొంచెం" అని బలవంతపెట్టడం మర్యాద కాదు, హింస. వడ్డించి అడగకండి, అడిగి వడ్డించండి.

మూడు, వారానికి రెండు రోజులైనా సజ్జలో, ఊదలో, జొన్నలో పొయ్యెక్కాలి. చుట్టాలు వచ్చిన రోజున కూడా!

నాలుగు, టీలో చక్కెర సగం చేద్దాం. 11 కిలోలు ఐదున్నర అవుతుంది. ఏ అరిసె మానినా ఇంత తగ్గదు.

ఐదు, అందరం ఒకే పంక్తిలో తిందాం. ముందు వండినవాళ్ళకు వడ్డిద్దాం. మగపిల్లలూ వడ్డించాలి, మగపిల్లలూ గిన్నెలు కడగాలి.

ఆరోది బడులకు. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న తినుబండారాలను బడి ఆవరణలో గానీ, గేటు నుంచి 50 మీటర్ల లోపల గానీ అమ్మకూడదని 2020లో ఆహార భద్రత నిబంధన వచ్చింది. నేను ఏ అంగడి పేరూ చెప్పను, ఏ బడి పేరూ చెప్పను. ఏ ఊరి బడి అయినా సరే, ఒక టేపు తీసుకుని గేటు నుంచి 50 మీటర్లు కొలవండి. ఆ లోపల ఎన్ని ప్యాకెట్లు వేలాడుతున్నాయో చూడండి. ఆ తర్వాత పిల్లలకు దీపావళి గురించి ఉపన్యాసం ఇవ్వండి. బడిలో పొంగలి పండుగ జరిపినప్పుడు మైకులో ఆరోగ్యం గురించి మాట్లాడి, చేతిలో క్రీమ్ బిస్కెట్టు పెట్టకండి. గుగ్గిళ్ళు పెట్టండి. ఖర్చు కూడా తక్కువే.

"పదిహేనేళ్ళ పిల్లకు ఇదంతా ఎందుకు?" అని కొందరు అనుకోవచ్చు. ఇంకో ముప్పై ఏళ్ళకు ఈ షుగరు మాత్రలు మింగాల్సింది మేమే, అందుకు. ఇప్పుడు మా నాలుకకు మీరు ఏ రుచి అలవాటు చేస్తే, అప్పుడు మా ఒళ్ళు ఆ అప్పు తీర్చాలి.

ఇల్లలకగానే పండుగ కాదు. అలాగే పండుగ నాడు ఒక లడ్డు మానేయగానే ఆరోగ్యం రాదు. వచ్చే పండుగకు పాయసం వండండి, అరిసెలు చేయండి, సంతోషంగా తినండి. సలహాలన్నీ దాచిపెట్టి, పండుగ మర్నాడు పొద్దున బయటికి తీయండి. వాటి అవసరం ఆ రోజు నుంచే మొదలవుతుంది.

— పదవ తరగతి విద్యార్థిని